లోపం బరువు యందు కలదు

గెద్దలంకకూ మూలరేవుకూ మధ్య గోదావరి పాయ ముప్పావు మైలు వెడల్పు. ఆ ముప్పావు మైలునూ ఇరవై తొమ్మిదేళ్లుగా రోజుకు ఆరు మాట్లు దాటిస్తున్న సరంగు పేరు ఓలేటి తాతబ్బాయి. నదీ ప్రయాణ సౌకర్యాల శాఖ వారు ఆయనకు నెలనెలా జీతం, రెండేళ్లకోసారి ఖాకీ బట్టలు, ఏడాదికోసారి "నీట పడినవారిని రక్షించుట ఎట్లు?" అనే కరపత్రం ఇస్తారు. ఆయన చేతికిచ్చిన లాంచీ పేరు శుభయాన. అది అరవై మందిని మొయ్యాలి. వేసవి వెళ్లేదాకా మోసింది.

జ్యేష్ఠంలో ఒక సోమవారం పొద్దున్న లాంచీ కిటకిటలాడుతోంది. దోసకాయల బుట్టతో కర్రి మంగాయమ్మ, క్యాన్లతో పాలవాళ్లు, అవతలి గట్టున బళ్లో పాఠాలు చెప్పే మేష్టర్లు, రెండు మోటారు సైకిళ్లు. గట్టు దగ్గర ఇంజను హాయిగానే తిరిగింది. నడిపాయలో నీటి వరవడి ఎదురు తగలగానే తాతబ్బాయి ఎప్పటిలాగే జోరు పెంచబోయాడు. పెరగలేదు సరికదా, ఉన్న జోరు కూడా పడిపోయింది. తగ్గిస్తే తేరుకుంటుంది, పెంచితే సొమ్మసిల్లుతుంది. పావుగంట ప్రయాణానికి ముప్పావుగంట పట్టింది. చివరికి లాంచీ రేవుకు రెండు ఫర్లాంగులు దిగువన తుమ్మచెట్ల దగ్గర ఒడ్డు పట్టింది. జనం చెప్పులు చేత పట్టుకుని మోకాలి లోతు బురదలో దిగారు. తాతబ్బాయి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి దించాడు.

జనం దిగిపోయాక ఆయన పని మొదలుపెట్టాడు. ముందు నీళ్లలో మునిగి, అడుగున ఉండే పంకాకు గుర్రపుడెక్క చుట్టుకుందేమో తడిమి చూశాడు. లేదు. తర్వాత పొగగొట్టం చూశాడు. గాలి చాలకపోతే ఇంజను నల్లపొగ కక్కుతుంది, పొగ కక్కకుండా నీరసపడితే డీజిలు అందడం లేదన్నమాట. పొగ లేదు. డీజిల్ ఫిల్టరు విప్పి అరచేతిలో బోర్లిస్తే చింతపండు రసం లాంటి మడ్డి జారింది. శాఖ వారి డీజిల్ ట్యాంకు అడుగున పదేళ్లుగా పేరుకున్న మడ్డి అది. ఊరికే నిలబడ్డ ఇంజనుకు ఆ మడ్డి సందుల్లోంచి వచ్చే నాలుగు చుక్కలు సరిపోతాయి. బరువు లాగమంటేనే ఆకలేస్తుంది. గొంతులో ముద్ద అడ్డం పడ్డవాడు కూర్చున్నంతసేపూ బాగానే ఉంటాడు, బస్తా ఎత్తమంటే కూలబడతాడు. ఇది అంతకంటే పెద్ద జబ్బు కాదు. కొత్త ఫిల్టరు వేసి గొట్టంలో చేరిన గాలి తీసేస్తే పావుగంట పని.

తాతబ్బాయి ఆ ఫిల్టరునే కడిగి, తుడిచి, మళ్లీ బిగించి, కొత్తది ఇప్పించవలసిందని శాఖకు అర్జీ పెట్టుకున్నాడు. కథంతా ఆ అర్జీతో మొదలైంది.

నాలుగో రోజున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, చిదంబరేశ్వరరావు గారు జీపులో వచ్చారు. ఆయనకు నదులంటే గౌరవం, నీళ్లంటే భయం. వెంట జూనియర్ ఇంజనీరు దాక్షాయణి ఒక ఫైలు పట్టుకుని వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాని పిల్ల, ఇంజన్ల చదువే చదువుకుంది. ఫిల్టరు మాట వినగానే ఏదో అనబోయి, ఈఈగారి మొహం చూసి ఫైలు విప్పింది.

ఖాళీ లాంచీలో, రేవుకు కట్టిన తాడు విప్పకుండానే ఇంజను నడిపించి చూశారు. అది పెళ్లిలో సన్నాయిలా మోగింది.

"ఖాళీగా ఉంటే బాగానే ఉంటదండి," అన్నాడు తాతబ్బాయి. "జనం ఎక్కితేనే పడిపోతంది. ఎక్కించి సూడాలండి."

ఫిర్యాదు పెండింగులో ఉన్న నౌకయందు ప్రయాణికులను ఎక్కించుట పద్నాలుగో నిబంధన ప్రకారం నిషిద్ధమని ఈఈగారు సెలవిచ్చారు. పోనీ ఇసక బస్తాలు వేసి చూద్దామన్నాడు తాతబ్బాయి. ప్రయాణికుల నౌకయందు సరుకు వేయుట పదిహేనో నిబంధన ప్రకారం నిషిద్ధమట. రెండు నిబంధనలూ ప్రజల ప్రాణరక్షణ కోసమే ఉన్నాయని ఆయన ఓపికగా వివరించి, ఇలా అడిగారు.

"ఖాళీగా ఉన్నప్పుడు ఇంజను ఎలా ఉంది?"

"బాగుందండి."

"జనం ఎక్కితే?"

"పడిపోతందండి."

"అనగా ఇంజను అదే ఇంజను. మారినది ఏమిటి?"

తాతబ్బాయి "జనమండి," అన్నాడు.

"రాసుకోండి దాక్షాయణీ," అన్నారు ఈఈగారు.

వారం తిరగకుండా నివేదిక వచ్చింది. "ఇంజను యందు లోపము లేదు. లోపము బరువు యందు కలదు. లోపము లేని ఇంజనుకు విడిభాగము మంజూరు చేయుట దుర్వినియోగము. గాన బరువును సరిచేయవలసినదిగా ఆదేశించడమైనది." కింద చిదంబరేశ్వరరావు గారి సంతకం, గుండ్రటి ముద్ర.

తాతబ్బాయి టౌనులో లారీ సామాన్ల కొట్టుకు వెళ్లి, ఆ సైజు ఫిల్టరు తన డబ్బుతో కొనుక్కొచ్చాడు. రేవుకొచ్చిన దాక్షాయణి దాన్ని చూసి గొంతు తగ్గించి చెప్పింది. "శాఖ ఆస్తికి బయటి వస్తువు తగిలిస్తే ఉద్యోగం పోతుంది తాతబ్బాయిగారూ. మీకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది." ఆయన దాన్ని పాతగుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున పెట్టాడు.

బరువు సరిచేయడం మొదలైంది. మొదట అరవై మందిని నలభై ఐదు చేశారు. పదిరోజులు బాగానే సాగింది. మడ్డి మరికాస్త పేరుకుంది, నలభై ఐదుకు కూడా ఇంజను సొమ్మసిల్లింది. ముప్పై చేశారు. ముప్పైకీ సొమ్మసిల్లాక, తలలు లెక్కపెట్టడం శాస్త్రీయం కాదనీ తూకం వెయ్యాలనీ తేల్చి, ధాన్యం బస్తాలు తూచే కాటా ఒకటి రేవులో దింపారు. సన్నగా ఉన్నవాళ్లకు మొదటి వరస. మేష్టర్లలో ఒకాయన ఏకాదశి ఉపవాసాలు మొదలుపెట్టాడు. పాలవాళ్లు క్యాన్లను సగమే నింపుకొచ్చేవారు.

మంగాయమ్మ వంతు వచ్చిన రోజు ఈఈగారు స్వయంగా రేవులో ఉన్నారు. ఆవిడ మనిషి దిట్టం, బుట్ట అంతకంటే దిట్టం. కాటా ముల్లు చివరికంటా పోయి ఆగింది.

"నన్ను తూత్తన్నారా, నా దోసకాయల్ని తూత్తన్నారా?" అనడిగింది.

రెండూ కలిపేనని గుమాస్తా చెప్పాడు.

"అయితే నన్నో మాటు పంపండి, బుట్టనో మాటు పంపండి," అంది మంగాయమ్మ. "దోసకాయలు నా కోసం అవతల కూకుంటాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈఈగారు నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. మూడో రోజున సర్క్యులర్ వచ్చింది. "ప్రజల నుండి అందిన నిర్మాణాత్మక సూచన మేరకు, ఇకపై వ్యక్తులు, వారి సామగ్రి వేర్వేరు ట్రిప్పులయందు రవాణా చేయబడుదురు." ప్రయాణికుల నౌకలో సరుకు నిషిద్ధం కదా అని దాక్షాయణి గుర్తుచేస్తే, సామగ్రి అన్నామే గాని సరుకు అనలేదు కదా అన్నారాయన. ఆ వారం మంగాయమ్మ దోసకాయలు రెండు మాట్లు ఆవిడ లేకుండా గోదావరి దాటాయి. ఒక మాటు మాత్రమే తిరిగి దొరికాయి.

పన్నెండు మందికి దిగింది. తర్వాత అయిదుగురికి. తగ్గించిన ప్రతిసారీ గోడమీద గ్రాఫు గీసేవారు. అనుమతించిన బరువును ఇంజను నూటికి నూరుపాళ్లు లాగుతోందని గ్రాఫు చూపించేది. అనుమతి తగ్గుతున్న సంగతి గ్రాఫులో లేదు, దానికి వేరే కాగితం ఉంది. ఆషాఢం చివర్లో అయిదుగురితో కూడా లాంచీ దిగువకు జారిపోతే, శాఖ ధైర్యంగా ఆఖరి అడుగు వేసింది. "శుభయాన నౌకను ప్రయోగాత్మకంగా భారరహిత సర్వీసుగా ప్రకటించడమైనది."

ఆ మర్నాటి నుంచి తాతబ్బాయి రోజుకు ఆరు మాట్లు ఒక్కడే గోదావరి దాటాడు.

లాంచీ అంత సమయానికి ఏనాడూ నడవలేదు. ఎక్కేవాళ్ల కోసం ఆగక్కర్లేదు, దిగేవాళ్ల కోసం చూడక్కర్లేదు. ప్రమాదాలు సున్న. ఫిర్యాదుల పుస్తకం లాంచీలోనే వేలాడుతూ ఉంటుంది, లాంచీలోకి ఎవరూ రారు, కనక ఫిర్యాదులూ సున్న. రాజధాని నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. లంక జనం మాత్రం మంగాయమ్మ పెనిమిటి వెంకన్న నావలో పొడుగాటి వెదురు గెడలు వేసుకుంటూ దాటుతున్నారు. నావ పక్కనుంచి పోవలసి వచ్చినప్పుడల్లా తాతబ్బాయి అటువైపు చూడకుండా చుక్కాని పట్టుకునేవాడు. ఖాకీ చొక్కా వేసుకుని లీటరు ఎనభై రూపాయల డీజిలు కాల్చి గాలిని మోస్తున్న మనిషి, చెమటలు కక్కుతూ మనుషుల్ని మోస్తున్న మనిషి మొహం ఎలా చూస్తాడు? ఒక రోజు వెంకన్నే పలకరించాడు. "నీదేం తప్పులేదు బావా," అన్నాడు. ఆ మాటతో తాతబ్బాయి ఇంకా కుంగిపోయాడు.

శ్రావణం మూడో వారంలో ఎర్రనీరు దిగింది. పైన ఎక్కడో కురిసిన వానలకు పాయ పొంగి, చెట్లూ దుంగలూ కొట్టుకొస్తున్నాయి. లంక పెద్దలు నావలు కట్టేయించారు. గెడకు నేల అందని నీటిలో నావ వెయ్యడమంటే ప్రాణాలు నీటికి వదిలెయ్యడమే. భారరహిత సర్వీసుకు మాత్రం వరద అడ్డం కాదని ఆదేశాలున్నాయి, అందులో ఎవరూ ఉండరు గనక. ఉన్న ఒక్కడు సిబ్బంది.

మూడో రోజు పదకొండు గంటల ట్రిప్పుకు తాతబ్బాయి లంక వైపు లాంచీ కట్టి ఉండగా, కట్ట మీద మంచం ఒకటి మోసుకుంటూ జనం వచ్చారు. మంచం మీద మంగాయమ్మ కోడలు లోవకుమారి. తొలిచూలు. తెల్లారినుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందనీ ఆసుపత్రికి చేర్చాల్సిందేననీ ఆశా కార్యకర్త చెబుతోంది. మంచం వెనక జ్వరంతో కాలిపోతున్న పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, మందులైపోయిన ముసలివాళ్లు. మూడు రోజులుగా దాటలేక ఆగిపోయిన వాళ్లందరూ ఆ మంచం వెంట వచ్చేశారు.

మంగాయమ్మ అరవలేదు, ఏడవలేదు. "అన్నయ్యా, దాటింతావా?" అంది, అంతే.

తాతబ్బాయి నీళ్లకేసి చూశాడు. అయిదుగురిని మొయ్యలేని ఇంజను. ఈ వరదలో నడిపాయలో సొమ్మసిల్లితే ఆ తుమ్మచెట్ల దగ్గర ఆగదు, సముద్రం దాకా ఆగదు. ముందు మంచం ఎక్కించమన్నాడు. తర్వాత తక్కినవాళ్లను కూడా ఎక్కమన్నాడు. "పావుగంట ఓపిక పట్టండి," అని చెప్పి ఇంజను గదిలోకి దిగి, పెట్టె అడుగున పాతగుడ్డ విప్పాడు.

మూడేళ్ల సర్వీసు గురించి ఆలోచించలేదని చెబితే అబద్ధం. పాత ఫిల్టరు మర తిప్పుతున్నంతసేపూ ఆలోచించాడు. పైన లోవకుమారి మూలుగు వినిపించినప్పుడల్లా మరింత జోరుగా తిప్పాడు. కొత్తది బిగించి, చేతి పంపు కొట్టి, గొట్టంలో గాలి బుడగలు పోయేదాకా డీజిలు కారనిచ్చి, మర బిగించాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. అందులో ఆలోచనకు రెండు నిమిషాలు పోయి ఉంటాయి.

ముప్పై నలుగురు మనుషులు, ఒక మంచం. నడిపాయలో వరవడి ఢీకొట్టింది. తాతబ్బాయి కళ్లు మూసుకుని జోరు పెంచాడు. ఇంజను గర్జించి లాగింది. రెండు నెలల తర్వాత కాళ్లకింద పలకలు ఆ పాత అదురు అదిరాయి. లాంచీ ఏటవాలుగా వరదను కోసుకుంటూ పోయి, మూలరేవులో సరిగ్గా మెట్ల దగ్గర ఆనింది. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం.

ఆ కబురుతోబాటే తాతబ్బాయికి సంజాయిషీ నోటీసు కూడా వచ్చింది. భారరహిత నౌకయందు భారము మోసినందుకు ఒకటి, ఇంజనుకు అనధికార మరమ్మతు చేసినట్టు అనుమానం కలిగినందుకు ఇంకొకటి.

విచారణ ఈఈగారి గదిలో జరిగింది. తాతబ్బాయి దాచదలుచుకోలేదు. పాత ఫిల్టరు కాగితంలో చుట్టి పట్టుకెళ్లి బల్లమీద పెట్టాడు. "నేనే మార్చానండి. మార్చకపోతే ముప్పైనాలుగు శవాలు తేలేవండి," అన్నాడు. కాగితం మీంచి మడ్డి బల్లమీదున్న ఫైళ్ల వైపు పాకింది.

ఈఈగారు డిస్మిసల్ అన్న మాట చెప్పి రాసుకోమన్నారు. దాక్షాయణి కలం తీసి, రాయకుండా ఆగింది.

"ఒక చిన్న సందేహం సార్. ఫిల్టరు మార్చాక ఇంజను బాగైందని రాస్తే, మార్చకముందు ఇంజను బాగులేదని రాసినట్టవుతుంది. లోపం లేదని మన నివేదిక ఉంది. దాని మీద సంతకం మీది."

ఈఈగారు నివేదిక తెప్పించుకుని తన సంతకాన్ని చాలాసేపు చూసుకున్నారు.

"లోపము లేని ఇంజనుకు మరమ్మతు చేయుట అసంభవము," అన్నారు చివరికి. "అసంభవమైన పని చేశానని ఇతడు చెప్పినంత మాత్రాన శాఖ నమ్మజాలదు. మరమ్మతు జరగలేదు."

"మార్చానండి," అన్నాడు తాతబ్బాయి మళ్లీ.

"జరగలేదయ్యా," అన్నారాయన కోపంగా. "నీ మంచికే చెబుతున్నాను."

మరమ్మతు జరగకపోతే అయిదుగురిని మొయ్యలేని ఇంజను ముప్పై నలుగురిని ఎలా మోసింది? ఈ ప్రశ్నకు శాఖ రెండు రోజులు తలుపులు వేసుకుని జవాబు కనిపెట్టింది. ఇంజను అలిసిపోయింది. ఖాళీగా తిప్పడంవల్ల విశ్రాంతి దొరికి బలం పుంజుకుంది. భారరహిత సర్వీసు వైఫల్యం కాదు, చికిత్స. దానికి "విశ్రాంతి పద్ధతి" అని పేరు పెట్టి, శాఖలో తక్కిన పదకొండు లాంచీలనూ ఆరేసి నెలలు ఖాళీగా నడపాలని ఉత్తర్వులు తయారుచేశారు. పద్ధతిని దగ్గరుండి చూసిన ఏకైక వ్యక్తి గనక తాతబ్బాయిని రేవు రేవుకూ పంపి ఉపన్యాసాలు ఇప్పించాలని కూడా నిర్ణయించారు. డిస్మిసల్ కాగితం చించేశారు.

తాతబ్బాయి ఆ ఉత్తర్వు చదివి, పదకొండు రేవుల్లో నిలబడిపోయే జనాన్ని తలుచుకున్నాడు. పదకొండు మంది వెంకన్నలు గెడలు వేస్తూ కనిపించారు. ఉపన్యాసం ఇవ్వనని చెప్పడానికి ఈఈగారి గది దాకా వెళ్లాడు. గుమ్మంలో దాక్షాయణి ఎదురై, అన్ని లాంచీలూ ఆ ట్యాంకు డీజిలే తాగుతున్నాయనీ, అన్నీ కొద్దో గొప్పో నీరసంగానే ఉన్నాయనీ, శుభయాన గతి చూసి భయపడి ఏ సరంగూ అర్జీ పెట్టలేదనీ చెప్పింది. "ఉపన్యాసం ఇంజను గదిలోనే ఇవ్వాలని నేను ఉత్తర్వులో చేర్చాను. తలుపులు వేసుకుని. శబ్దం బయటికి పోకూడదని రాశాను," అంది. తాతబ్బాయికి సంగతి బోధపడింది. నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు.

మొదటి ఉపన్యాసం ఎగువన ఒక రేవులో. ప్రారంభోత్సవంలో ఈఈగారు యంత్రములకూ అంతరాత్మ కలదని నలభై నిమిషాలు మాట్లాడి జీపెక్కారు. తర్వాత తాతబ్బాయీ అక్కడి సరంగూ ఇంజను గదిలోకి దిగి తలుపు వేసుకున్నారు. తాతబ్బాయి పంపిన కబురు అందుకుని ఆ సరంగు ముందే టౌనుకు వెళ్లి, చేతిసంచీలో కావలసింది తెచ్చుకున్నాడు. ఉపన్యాసం పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. మర్నాడు ఆ లాంచీ డెబ్భై మందిని మోసింది.

మూడు వారాల్లో పదకొండు రేవులూ అయిపోయాయి. ఒక్కచోట కూడా ఆరు నెలలు ఆగవలసిన అవసరం రాలేదు. అన్ని లాంచీలూ ఒక్క పూట విశ్రాంతితో కోలుకున్నాయి. శుభయానకు కూడా పాత అరవై మందినీ తిరిగి అనుమతించారు. మంగాయమ్మ మనవరాలిని ఒడిలో పెట్టుకుని, పక్కన బుట్ట పెట్టుకుని, రెంటితోనూ ఒకే ట్రిప్పులో దాటుతోంది.

కార్తీకంలో రాజధాని నుంచి పెద్ద కవరు వచ్చింది. లోపల తాతబ్బాయికి ప్రశంసాపత్రం, దాని కింద పిన్ను చేసిన ఉత్తర్వు. లాంచీ ఆగి ఉండగా ఆయన దాన్ని వేలితో వరసలు పట్టుకుంటూ చదువుకున్నాడు. ఏముందని మంగాయమ్మ అడిగింది. పైకి చదివాడు.

"ఉపన్యాసము మాత్రము చేతనే ఇంజనులు పూర్ణారోగ్యము పొందుచున్నట్లు రుజువైనందున, ఈ ఆర్థిక సంవత్సరము నుండి శాఖయందు ఫిల్టర్ల కొనుగోలు శాశ్వతముగా రద్దు చేయడమైనది."

మంగాయమ్మ నిద్రపోతున్న పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"మరి ఇప్పుడేసింది పాడైపోతే ఏం సేత్తావన్నయ్యా?"

తాతబ్బాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మళ్లీ టౌనెళ్లి ఇంకో ఉపన్యాసం కొనుక్కొత్తానమ్మా," అని తాడు విప్పాడు.